కంటె వయసు, మా ఆయన వయసు

ఆ రోజుల్లో జహీరాబాదులో ఒక్క రోజుకు మూడు సంవత్సరాలు ఉండేవి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. తహసీలు కచేరీలో కాగితం రాస్తే అది పదమూడు వందల యాభై మూడు ఫసలీ. అదే పూట మసీదు గల్లీలో ఎవరింట్లోనైనా నికా కబురు రాస్తే పదమూడు వందల అరవై మూడు హిజ్రీ. స్టేషనుకు పోయి రైలు టిక్కెట్టు కొంటే దాని మీద పందొమ్మిది వందల నలభై నాలుగు. (పంచాంగం చూసే అయ్యగారిని అడిగితే తారణ నామ సంవత్సరం అనేవాడు. దానికి అంకె లేదు కాబట్టి నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.) మనం ఏ సంవత్సరంలో ఉన్నామన్నది ఎక్కడ నిలబడి ఉన్నామన్నదాన్ని బట్టి ఉండేది. ఊళ్లో ఎవరూ దీనివల్ల ఇబ్బంది పడినట్టు నాకు గుర్తు లేదు. రైతు ఫసలీలో శిస్తు కట్టి, హిజ్రీలో ముద్ర పడిన రూపాయితో, ఇంగ్లీషు తారీఖు రైలెక్కి హాయిగా హైదరాబాదు పోయి వచ్చేవాడు. ఇబ్బందంతా నేను కోడలిగా వచ్చాకే మొదలైంది. ఇప్పుడు దేశమంతటికీ గోడ మీద ఒకటే క్యాలెండరు, ఎవరికీ ఏ అనుమానమూ లేదు. అయినా ఆ మూడు లెక్కల మధ్య నేను చేసిన ఘనకార్యం తలచుకుంటే నవ్వొస్తుంది, నవ్వు సగంలో ఉండగానే అత్తమ్మ గుర్తొస్తుంది.

నాకప్పుడు పదహారు నిండాయి. మా నాన్న సికింద్రాబాదులో రైల్వే గుమాస్తా. మా ఇంట్లో గడియారం రైలు గడియారం, క్యాలెండరు రైలు క్యాలెండరు. నేను ఏడో తరగతి దాకా చదివాను. చరిత్ర పుస్తకంలో ఏ రాజు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఏలాడో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. ఉర్దూ చదవడం రాదు గానీ, బజార్లో మోసపోకూడదని మా నాన్న ఉర్దూ అంకెలు మాత్రం నేర్పించాడు. ఇంత చదువును నెత్తిన పెట్టుకుని ఆ ఎండాకాలం జహీరాబాదులో రైలు దిగాను. ఊరికి చదువు నాతోనే వచ్చిందని నాకు గట్టి నమ్మకం. అత్తమ్మ నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు, 'పట్నం పిల్ల' అనేది. అది మెచ్చుకోలు అనుకుని మురిసిపోయేదాన్ని.

ఇంట్లో ముగ్గురమే. అత్తమ్మ, మా ఆయన, నేను. మా ఆయన తహసీలు కచేరీలో చిన్న ఉద్యోగి. పంటలు చూసే అధికారి వెంట మొగుడంపల్లి దిక్కో, ఝరాసంగం దిక్కో దౌరా పోయాడంటే నాలుగైదు రోజులు ఇంటి ముఖం చూసేవాడు కాదు. మా మామ కూడా అదే కచేరీలో జీవితమంతా రాతపని చేసి, నేను రావడానికి పదేండ్ల ముందే పోయాడు. అత్తమ్మ ఆయనకు రెండో భార్య. మొదటి భార్య పిల్లలు కలగకుండానే జ్వరంతో పోయిందట. ఆమె పోయిన రెండేండ్లకు అత్తమ్మ ఈ ఇంటికి వచ్చింది. ఆ పోయినామెను ఇంట్లో 'పెద్దామె' అనేవారు. పండుగ వస్తే అత్తమ్మ ముందుగా పెద్దామె పేరు మీద ఒక రవికె గుడ్డ, రెండు అరటిపండ్లు దేవుని గూట్లో పెట్టేది. తర్వాతే మాకు విస్తరి. ఎన్నడూ చూడని మనిషికి ఇంత మర్యాద ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. అత్తమ్మ మాత్రం ఆమెకు ఎక్కడ తక్కువ చేస్తానో అన్నట్టు జాగ్రత్తగా ఉండేది.

శ్రావణంలో ఒకరోజు జొన్నరొట్టె కొడుతూ కొడుతూ అత్తమ్మ నా మెడ వైపు చూసింది. "పిల్లా, నీ మెడ బోసిగున్నది. ఇనుప సందుగల పాత కంటె ఒకటున్నది. అవుసలి తాతను పిలిపిస్త. అది కరిగిచ్చి నీకు గుండ్లపేరు చేపిస్త" అంది. గుండ్లపేరు! గుండ్రటి బంగారు పూసలు వరసగా గుచ్చిన పేరు. మా అక్కకు ఉంది, నాకు లేదు. అది మెడలో వేసుకుని మా అక్క ఊరికే దగ్గుతుండేది, అందరూ అటు చూడాలని. నేను ఆ పూట ఎన్ని రొట్టెలు తిన్నానో గుర్తు లేదు. శుక్రవారం కచేరీకి సెలవు, మా ఆయన కూడా దౌరా నుంచి ఇంటికొచ్చే రోజు, కాబట్టి శుక్రవారమే రమ్మని తాతకు కబురు పోయింది. (ఆ కాలంలో బంగారాన్ని అవుసలి ఇంటికి పంపేవాళ్లు కాదు. ఆయనే కుంపటి, ఊదుగొట్టం పట్టుకుని మన అరుగు మీదికి వచ్చి, మన కండ్ల ముందే కరిగించాలి. అది అనుమానం కాదు, మర్యాద అనేది అత్తమ్మ. తాత కూడా మర్యాదే అనేవాడు.)

సోమవారం అత్తమ్మ ఒక పాత గుడ్డ మూట విప్పి కంటె నా చేతిలో పెట్టి, కుంకుడు రసంలో నానబెట్టి తోమమంది. చూడనివాళ్లకు చెబుతున్నాను, కంటె గొలుసులా వేలాడదు, మెడ చుట్టూ గట్టిగా నిలబడుతుంది. పైన బంగారం, లోపల లక్క, వెనక కొక్కెం. తోముతూ తోముతూ లోపలి వైపు వేలితో తడిమితే చుక్కలు తగిలాయి. వెలుతురుకు పట్టి చూశాను. చుక్కలు చుక్కలుగా కొట్టిన ఉర్దూ అంకెలు. ఒకటి, మూడు, ఒకటి, తొమ్మిది.

ఇంకెవరైనా అయితే ఒక్క క్షణం ఆగి ఆలోచించేవారు. నేను రైల్వే గుమాస్తా కూతుర్ని. పదమూడు వందల పందొమ్మిది అనగానే నా కండ్ల ముందు చరిత్ర పుస్తకం దానంతట అదే తెరుచుకుంది. ఓరుగల్లు రాజులు ఇంకా ఏలుతున్న కాలం! ఆరువందల పాతికేండ్ల కంటె! చేతుల మీద నురగ కారుతుండగా వాకిట్లోకి పరుగెత్తి, "అత్తమ్మా, ఇది ఓరుగల్లు రాణి పెట్టుకున్న కంటె!" అని కేక పెట్టాను. పెసర్లు చెరుగుతున్న అత్తమ్మ చాట ఆపి "ఎవలు?" అంది. గంట తిరగకముందే గల్లీ ఆడవాళ్లందరూ మా వాకిట్లో ఉన్నారు. ఒకామె కంటెకు దండం పెట్టింది. ఇంకొకామె "గంత పాతదైతే బంగారం పుచ్చదా?" అని అడిగింది. బంగారం పుచ్చదని నేను శాస్త్రం చెప్పాను. నాలుగు నెలలుగా ఆ గల్లీలో తలవంచుకుని నీళ్లు మోస్తున్నదాన్ని, మొదటిసారి అందరూ నా నోటి వైపే చూస్తున్నారు, ఇక ఆపడం నాకు చేతకాలేదు. ఆ రాణికి ఒక పేరు కూడా పెట్టాను. (ఆ పేరు ఇప్పటికీ గుర్తుంది. చెప్పను.)

అప్పుడు వచ్చింది వెనకింటి ఖాలాబీ. అరవై దాటిన మనిషి. ఇంట్లోనే ఆడపిల్లలకు ఖురాను చదవడం నేర్పేది. మా గల్లీలో ఏ కాగితం వచ్చినా చదివిపెట్టేది ఆమే. దారంతో కట్టిన కళ్లజోడు సర్దుకుని, కంటెను అటూ ఇటూ తిప్పి, "తేరా సౌ ఉన్నీస్" అని చదివింది. తర్వాత నా వైపు చూసి నెమ్మదిగా అడిగింది, "అరె బేటీ, ఓరుగల్లు రాజు ఉర్దూ అంకెలు రాసిండా?"

వాకిలంతా గొల్లుమంది. దండం పెట్టినామె అందరికంటే గట్టిగా నవ్వింది. నేను ఎటూ పోలేక అక్కడే నిలబడి, కొంగుతో లేని చెమట తుడుచుకున్నాను. ఖాలాబీకి జాలేసి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఫికర్ చెయ్యకు బేటీ. గిది హిజ్రీ. పదమూడు వందల పందొమ్మిదిల నా నికా అయింది, అందుకే నాకు మంచిగ యాదున్నది. నలభై నాలుగేండ్లాయె" అంది.

నవ్వని మనిషి ఒక్కతే, అత్తమ్మ. లేచి వచ్చి కంటె తీసుకుని లోపలి చుక్కల మీద వేలు పెట్టి నిమిరింది. "గిది మీ మామ చెయ్యే" అంది. అప్పుడు తెలిసింది నాకు సంగతి. మామకు తారీఖుల పిచ్చి. ఏ సామాను కొన్నా, శుక్రవారం సెలవు నాడు అరుగు మీద కూర్చుని, ఒక మొల, చిన్న సుత్తె పట్టుకుని దాని మీద ఆ ఏటి అంకె కొట్టేవాడు. గంగాళం, చెంబులు, లాంతరు, గొడుగు కర్ర, చివరికి రొట్టెల పీట కూడా వదల్లేదు. (తారీఖు పడకుండా తప్పించుకున్నది పిల్లి ఒక్కటేనట.) నేను రోజూ ఆ గిన్నెలన్నీ తోముతూనే ఉన్నాను. పక్కింటివాళ్ల గిన్నెలతో కలిసిపోకుండా పెట్టుకున్న గుర్తులేమో అనుకున్నానే తప్ప, ఒక్కనాడూ మసి తుడిచి చదవలేదు.

"ఖాలాబీ, జర మంచిగ లెక్క చేసి చెప్పు. ఎన్నేండ్లు?" చుక్కల మీది వేలు తీయకుండానే అడిగింది అత్తమ్మ.

"చెప్పిన గద అమ్మా, నలభై నాలుగు."

"తుగ్యానీ అయి ఎన్నేండ్లాయె?"

"ముప్పై ఆరు."

తుగ్యానీ అంటే మూసీ పొంగి హైదరాబాదు సగం కొట్టుకుపోయిన వరద. ఆ తరం వాళ్లు పుట్టుకలు, పెండ్లిండ్లు, చావులు అన్నీ ఆ వరద నుంచి వెనక్కీ ముందుకీ లెక్కపెట్టుకునేవారు. (అది నాలుగో క్యాలెండరు, మొదట చెప్పడం మరచాను.) అత్తమ్మ వేళ్లు మడిచింది. "తుగ్యానీ అయిన మర్నాటి యేడు నా లగ్గం. అంటే ముప్పై అయిదు. గదే, నేననుకున్నట్లే. నేను రాకముందుదే. పెద్దామెది" అంది. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. కంటెను మళ్లీ ఆ గుడ్డలోనే చుట్టి లోపలికి పోయింది. ఆ సాయంత్రం రొట్టె ముట్టలేదు, కడుపులో బాగా లేదంది.

మరునాడు పొద్దున ఇసుర్రాయి దగ్గర ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని పెసర్లు విసురుతున్నాం. నేనే నోరు తెరిచి, పాత కంటె ఎవరిదైతే ఏమిటి, కరిగించేదే కదా అన్నాను. అత్తమ్మ చాలాసేపు రాయి తిప్పింది, తర్వాత చెప్పింది. "నేనొచ్చిన యేడాదికి, ఓనాడు మీ మామ కచేరి నుంచొచ్చి గుడ్డల చుట్టిన కంటె నా ముంగట పెట్టిండు. పెట్టుకో అన్నడు. గంతే, ఇంకో మాట లేదు. ఆయనకు రాసుడే వచ్చు, మాట్లాడుడు రాదు. నేను చేతుల పట్టుకున్ననో లేదో, మా ఆడబిడ్డ చూసింది. అది మా వదినెది గద, పెట్టెలకెల్లి తీసిండా అన్నది. ఆమె వదినె అంటే పెద్దామె. నేను మళ్ల గుడ్డల చుట్టి సందుగల పెట్టిన. ఎన్నడు పెట్టుకోలే."

"మామ అడగలేదా?"

"ఎందుకు పెట్టుకుంటలేవని ఆయన అడగలే. ఎవలిదని నేను అడగలే. ఇరవై అయిదేండ్లు గట్లనే ఎల్లిపోయినయి." రాయి ఆగింది. "ఆయన తెచ్చిన చీరలన్నీ కట్టిన, గాజులు ఏసుకున్న. గని అయన్నీ ఇంటికి ఏం గావాల్నో తెచ్చినట్లు తెచ్చేది. కంటె ఒక్కటే ఉత్తగ తెచ్చిండు. అది గూడ నాది గాకపాయె. నిన్న నువ్వు అంకెలున్నయి అంటే, జర ఆశ పుట్టింది పిల్లా. బొట్టు తీసేసినదాన్ని, నాకిప్పుడు గా కంటె ఎందుకు? గని ఎవలి కోసం చేపిచ్చిండో తెలిస్తె బాగుండు అనిపిచ్చింది."

నాకు ఏడుపు వచ్చింది. ఆ ఆశ పుట్టించింది నేను, నా చేతి నురగ ఆరకముందే అది పోయింది కూడా నావల్లే. పెసర్లు కండ్లలో పడ్డట్టు తుడుచుకున్నాను. (ఇంత బాధలోనూ శుక్రవారం గుండ్లపేరు వస్తుందన్న సంగతి నా మనసులో ఒక మూల వెచ్చగా కూర్చునే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?)

గురువారం అత్తమ్మ వెండి సామాను కూడా తీసి తోమమంది. అందులో ఒక ఉగ్గుగిన్నె ఉంది. పసిపిల్లలకు పాలు పట్టే ముక్కుగిన్నె, మా ఆయన దాంట్లో తాగి పెరిగినదే. "ముందల ముందల పని పడ్తది" అని అత్తమ్మ మొహం అటు తిప్పుకుని నవ్వింది. నేను సిగ్గుపడుతూ దాన్ని బోర్లించి చూద్దును కదా, అడుగున చుక్కలు. పదమూడు వందల ఇరవై తొమ్మిది. ఇప్పుడు నేను తెలివి తెచ్చుకున్నదాన్ని, ఓరుగల్లు జోలికి పోలేదు. ఖాలాబీ చెప్పినట్టు హిజ్రీ లెక్కే వేశాను. బొగ్గు ముక్క తీసుకుని గోడ మీద అరవై మూడులోంచి ఇరవై తొమ్మిది తీసేశాను. ముప్పై నాలుగు వచ్చింది. మళ్లీ తీసేశాను. మళ్లీ ముప్పై నాలుగే.

ఉగ్గుగిన్నె ఎప్పుడు కొంటారు? పిల్లవాడు పుట్టినప్పుడు. అంటే మా ఆయనకు ముప్పై నాలుగేండ్లు! సంబంధం మాట్లాడినప్పుడు ఇరవై నాలుగని చెప్పారు. పదేండ్లు దాచిపెట్టి మా నాన్నను మోసం చేశారు! ఒక్కసారి అనుమానం వచ్చాక అన్నీ సరిపోవడం మొదలుపెట్టాయి. ఎడమ చెవి పైన రెండు తెల్ల వెంట్రుకలు ఉన్నాయి. కూర్చుంటే మోకాలు టక్కుమంటుంది. అన్నం తినగానే కునుకు తీస్తాడు. సాయంత్రమైతే వయసు కుర్రాళ్లతో తిరగకుండా ముసలివాళ్ల అరుగు మీద కూర్చుంటాడు. నేను గొడ్ల కొట్టంలోకి పోయి బర్రె పక్కన కూర్చుని కరువుదీరా ఏడ్చాను. బర్రె నెమరు ఆపి నా వైపు చూసింది. తర్వాత ఒక కార్డు తీసుకుని 'నాన్నా, మోసపోయాము' అని మొదలుపెట్టి, మిగతాది ఎలా రాయాలో తోచక, బియ్యం కుండ కింద దాచాను.

శుక్రవారం పొద్దెక్కాక అవుసలి తాత వచ్చి అరుగు మీద కుంపటి పెట్టాడు. బొగ్గులు రాజుకుంటుండగా మా ఆయన దుమ్ము కొట్టుకుని దౌరా నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. అత్తమ్మ బయట తాత దగ్గర ఉంది. ఇదే సమయమనుకుని పప్పు వడ్డిస్తూ మొదలుపెట్టాను.

"ఒక మాట అడుగుత, నిజం చెప్పున్రి."

"అడుగు."

"మీకెన్నేండ్లు?"

"ఇరవై నాలుగు. ఎందుకు?"

"ముప్పై నాలుగు గాదా?"

ముద్ద నోటి దగ్గరే ఆగింది. "ఎవలన్నరు?"

"మీ ఉగ్గుగిన్నె అన్నది" అని, కొంగు చాటు నుంచి గిన్నె తీసి ఆయన విస్తరి ముందు బోర్లించాను. ఆయన గిన్నె చూశాడు, నన్ను చూశాడు, గోడ మీద నా బొగ్గు లెక్క చూశాడు. తర్వాత నవ్వు మొదలైంది. పొలమారింది, దగ్గు వచ్చింది, కండ్ల వెంట నీళ్లు కారాయి. నేను కోపంగానే నెత్తి మీద కొట్టి నీళ్లిచ్చాను. "పిచ్చిదానా, గిది ఫసలీ. మా నాయన ముప్పై ఏండ్లు కచేరిల ఫసలీ రాసి రాసి, ఆయన చేతికి ఇంకో యేడే రాదు. సంత చిట్టీ మీద గూడ ఫసలీనే ఏసేటోడు. యాభై మూడులకెల్లి ఇరవై తొమ్మిది తియ్యి."

తీశాను. ఇరవై నాలుగు. నా సంసారం నిలబడింది. ఆ రెండు తెల్ల వెంట్రుకలు కూడా ముద్దుగా కనిపించడం మొదలుపెట్టాయి. సంతోషం పట్టలేక చల్ల పోయబోయాను. పోస్తూ పోస్తూ ఉండగా నా తల తనంతట తనే ఇంకో లెక్క వేసింది. యాభై మూడులోంచి పందొమ్మిది తీసేస్తే? ముప్పై నాలుగు. కంటెకు ముప్పై నాలుగేండ్లు. అత్తమ్మ వచ్చి ముప్పై అయిదేండ్లు. నేనొచ్చిన యేడాదికి అంది కదా! చల్ల విస్తరి దాటి నేల మీద పారుతోంది. "ఏమైంది?" అన్నాడు మా ఆయన.

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. బయట అరుగు మీద నుంచి ఊదుగొట్టం చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడు పోయి చెబితే కంటె కరగదు. కంటె కరగకపోతే గుండ్లపేరు లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, ఓరుగల్లు, హిజ్రీ అన్నదాన్ని, ఇంకోసారి నోరు మూసుకుంటే తప్పేముంది? దసరాకు మా అక్క ముందు నేనూ దగ్గవచ్చు. చల్ల గిన్నె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆయన "ఏమైందే?" అని రెండోసారి అడిగేదాకా నిలబడ్డాను. అప్పుడు ఇసుర్రాయి దగ్గర అత్తమ్మ చెయ్యి ఆగిపోవడం గుర్తొచ్చింది. ఉగ్గుగిన్నె లాక్కుని బయటికి పరుగెత్తాను.

తాత పట్టకారుతో కంటె పట్టుకుని కొక్కెం ఊడదీయబోతున్నాడు. "ఆగు తాతా! అత్తమ్మా, అది హిజ్రీ గాదు, ఫసలీ! ముప్పై నాలుగేండ్లదే! మీరొచ్చినంకనే చేపిచ్చిండు!"

అత్తమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "సోమవారం ఓరుగల్లు అంటివి. తరువాత హిజ్రీ అయింది. ఇయ్యాల ఫసలీ అంటున్నవు. రేపేమంటవు?"

న్యాయమైన ప్రశ్నే. నేను ఉగ్గుగిన్నె ఆమె ఒళ్లో పెట్టాను. "ఇది ఎప్పుడు తెచ్చిండు?"

"వాడు పుట్టిన మూడో నెలల."

"దీని మీద యేడు ఫసలీ లెక్కల్నే మీ కొడుకు వయసుకు సరిపోతది. హిజ్రీ అయితే మీ కొడుకుకు ముప్పై నాలుగేండ్లుండాలె. ఆ చెయ్యే ఈ చెయ్యి గద అత్తమ్మా?"

అత్తమ్మ గిన్నె అడుగు నిమిరింది, కంటె లోపల నిమిరింది. గుమ్మంలో మా ఆయన ఎంగిలి చేత్తోనే నిలబడి "నిజమే అమ్మా. నాయన ఫసలీ తప్ప రాయలే" అన్నాడు. ఊదుగొట్టం పక్కన పెట్టి అవుసలి తాత గొంతు సవరించుకున్నాడు. "నేనొకటి చెప్పనా అమ్మా? ఇందాకనే అనుకున్న, నాకెందుకులే అని ఊకున్న. ఈ కంటెను ఎవలు పెట్టుకోలే. పెట్టుకుంటే కొక్కెం అరుగుతది, లోపల మెడకు రాసుకోని నున్నగైతది. దీనికి ఇంకా ఆకురాయి గీతలే పోలే. చేసినోడు ఎట్లిచ్చిండో గట్లనే ఉన్నది."

పెద్దామె ఆరోజుల్లో మెడ నిండా నగలతో ఉండేదని ఊరందరికీ తెలుసు. అది ఆమెదైతే ఇలా ఉండదని ఎవరూ చెప్పనక్కరలేదు. నాకే కోపం ఆగక, మరి ఆడబిడ్డ అట్లా ఎందుకు అన్నదని అడిగాను. "ఆమెను ఏమనకు. పెద్దామెకు గిసుంటిది ఇంకోటి ఉండెనేమో. ఆమె వదినె మీద ఆమెకు పావురం, శాన ప్రేమ" అని, అత్తమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. కంటె పట్టుకుని లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

మేం ముగ్గురం అరుగు మీదే ఉండిపోయాం. మా ఆయన చేతి మీద పప్పు ఎండిపోయింది. తాత రెండుసార్లు ఊదబోయి మానేశాడు. కుంపట్లో బొగ్గులు తెల్లబడ్డాక తలుపు తెరుచుకుంది. అత్తమ్మ మెడ బోసిగానే ఉంది, కంటె ఆ పాత గుడ్డలో చుట్టి చేతిలో ఉంది. "తాతా, ఇయ్యాల కరిగిచ్చుడు లేదు. అన్నం తిని పో" అంది. నా పక్క నుంచి వంటింట్లోకి పోతూ ఒక్క క్షణం ఆగి, నాకు మాత్రమే వినబడేట్టు, "జర ఇరుకైంది పిల్లా" అంది. ఆమె మెడ చుట్టూ సన్నటి ఎర్రటి గీత ఉంది.

అత్తమ్మ ఆ తర్వాత పదకొండేండ్లు బతికింది. ఆమె మెడలో నేను కంటె ఎన్నడూ చూడలేదు. ఎప్పుడైనా మధ్యాహ్నం పూట లోపలి గది తలుపు దగ్గరికి వేసి ఉంటే నేను తట్టేదాన్ని కాదు. పండుగకు పెద్దామె పేరు మీద రవికె గుడ్డ పెట్టడం మాత్రం మానలేదు, అయితే ఆ భయం పోయింది, ఇంట్లో మనిషికి పెట్టినట్టు పెట్టేది. దసరాకు నా మెడ బోసిగానే సికింద్రాబాదు పోయాను. మా అక్క దగ్గుతూనే ఉంది, నేను వినబడనట్టు కూర్చున్నాను. బియ్యం కుండ కింది కార్డు మా ఆయనకు దొరికింది. ఎంత అడిగినా చింపనివ్వలేదు. ఏ ఊరి నుంచి నాకు ఉత్తరం రాసినా కింద 'ముప్పై నాలుగేండ్లవాడు' అని సంతకం పెట్టేవాడు, నిజంగా ముప్పై నాలుగు వచ్చిన ఏడు తప్ప.

ఆయన కూడా తండ్రి కొడుకే, మాట తక్కువ. కానీ ఇసుర్రాయి దగ్గర విన్న మాట నన్ను వదల్లేదు. ఏది తెచ్చినా, మూర పూలు తెచ్చినా సరే, "ఎవలికి?" అని అడగకుండా అందుకునేదాన్ని కాదు. విసుగొచ్చి "ఖాలాబీకి" అనేవాడు. ఎన్నో ఏండ్లకు, ఫసలీ పోయి, పాత రూపాయలు పోయి, అందరికీ రైలు క్యాలెండరే మిగిలాక, ఒకనాడు గుడ్డలో చుట్టిన గుండ్లపేరు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను నోరు తెరవకముందే, "మొల తెచ్చి యేడు కొట్టనా?" అన్నాడు. వద్దు, నోటితో చెప్పున్రి చాలు అన్నాను. గుమ్మం వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, చెవులదాకా ఎర్రబడి, "నీకే" అన్నాడు.

మొన్న మా మనవరాలు ఆ గుండ్లపేరు మెడలో పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ, ఇది ఏ సంవత్సరంలో చేయించారు నానమ్మా అని అడిగింది. ఇంటిల్లిపాదికీ తారీఖులు లెక్కగట్టినదాన్ని కదా, గొప్పగా చెప్పబోయాను. గుర్తు రాలేదు. గుండ్లు ఒక్కొక్కటే తిప్పి చూశాను, ఎక్కడా అంకె లేదు, నేనే వద్దన్నాను. అడుగుదామంటే ఆయన లేడు.